తొమ్మిది రోజుల మాత్రలు

ఆ వేసవిలో మా ఇంట్లో ఇద్దరు రోగులం. ముందుగదిలో మా అత్తయ్యగారు, లోపలి గదిలో నేను. ఆవిడకు క్షయ, నాకు విరిగిన కాలు.

నేను కరెంటు లైన్‌మన్‌ని. స్తంభం మీద నుంచి పడ్డానంటే కాస్త గొప్పగా ఉండేది. నేను పడింది నిచ్చెన చివరి మెట్టు మీద నుంచి. పనంతా ముగించి దిగుతూ, నేల వచ్చేసిందనుకుని అడుగు వేశాను. ఇంకా రాలేదు. మోకాలి కింద ఎముక విరిగింది. మూడు నెలలు కట్టు అన్నారు. చలికాలం నుంచీ దగ్గుతూ, "ఏం లేదు, గొంతులో గరగర" అంటూ నెట్టుకొచ్చిన అత్తయ్యగారికి కఫం పరీక్షలో జబ్బు బయటపడింది కూడా అదే వారంలో.

ఆవిడ రఫూ పని చేసేవారు. చిరుగు పడిన గుడ్డ అంచులోంచి నాలుగు పోగులు లాగి, లేదంటే అచ్చం అదే రంగు దారం వెతికి, చిరిగిన చోట మళ్ళీ నేసినట్టు సూదితో అల్లడం. ఆవిడ చేశాక చిరుగెక్కడుందో గుడ్డ సొంతదారు కూడా చెప్పలేకపోయేవాడు. మామగారు పోయాక ఆ సూదితోనే మా ఆవిడను పెంచి, చదివించి, నాకిచ్చి పెళ్ళి చేశారు. మా ఇంటికి వచ్చాక కూడా పని మానలేదు. ముందుగదిలో కిటికీ పక్కన ఒక బల్ల, గోడకు చెక్క అరలు, ఆ అరల నిండా దారపు కండెలు. ఏ రంగు పక్కన ఏ రంగు ఉండాలో ఆవిడకే తెలుసు. తుడిచేటప్పుడు ఎవరైనా ఒక కండె అటూ ఇటూ చేస్తే సాయంత్రానికల్లా దొంగ దొరికిపోయేవాడు.

మందులిచ్చే ఆసుపత్రి నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మా నాలుగేళ్ళ పాప ఆమెకు మొదటిరోజే 'మాత్రలక్క' అని పేరు పెట్టేసింది. మా అందరికీ పరీక్షలు చేయించింది. ఎవరికీ జబ్బు లేదు గానీ, పాపకు మాత్రం రాకుండా ఉండటానికి విడిగా మందు ఇచ్చింది. తర్వాత అత్తయ్యగారి ఎదుట ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది.

"అమ్మా, మూడు మాత్రలూ ఒకేసారి. పొద్దున్నే, ఏమీ తినకముందు. ఇవాళ రెండు, రేపు నాలుగు అనే సర్దుబాట్లు లేవు. మూత్రం నారింజ రంగులో వస్తుంది, అది మందు రంగే, కంగారు పడొద్దు. వాంతులు ఆగకపోయినా, కళ్ళు పచ్చబడినా, చూపు మసకబారినా, రంగులు తేడాగా కనిపించినా ఆ రోజే మాకు ఫోన్ చేయాలి. ఏం చేయాలో మేం చెప్తాం. చెప్పకుండా మీ అంతట మీరు మానేసి ఊరుకోకూడదు. ఆరు నెలలు. రెండో నెలకే బాగైపోయినట్టు ఉంటుంది. అప్పుడే అసలు జాగ్రత్త."

"అలాగేనమ్మా" అన్నారు అత్తయ్యగారు, ఎదురు మాట్లాడని విద్యార్థిలాగా.

"రోజూ ఎవరో ఒకరు దగ్గరుండి మింగడం చూడాలి. పొద్దున్నపూట ఇంట్లో ఎవరుంటారు?"

మా ఆవిడ ఒక బడి ఆఫీసులో గుమస్తా. తెల్లారి ఏడింటికే బయలుదేరాలి. తల్లి వైపు చూసింది, నా వైపు చూసింది, నా కట్టు వైపు చూసింది.

"ఈయనున్నారుగా. ఎక్కడికీ పారిపోలేరు కూడానూ" అంది.

అలా నాకు ఉద్యోగం దొరికింది.

మా పెళ్ళయి అప్పటికి ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళలో అత్తయ్యగారు నా ఎదుట నోరు తెరిచి ఏదైనా తినడం నేను చూడలేదు. నన్ను 'మీరు' అంటారు, నేను గదిలోకి వస్తే లేచి నిలబడతారు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే కూతురితో చెప్పి నాకు చేరవేస్తారు. ఆవిడ మనస్తత్వమే అంత. అలాంటి మనిషి గొంతులోకి మూడు మాత్రలు దిగాయో లేదో నేను రోజూ చూడాలి.

రెండు గదుల మధ్య గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, కాలు పీట మీద చాపుకుని కూర్చునేవాణ్ణి. ఆవిడ మూతికి గుడ్డ కట్టుకుని కిటికీ తెరిచేవారు. మాత్రలు అట్ట నుంచి నొక్కి తీసేవారు. అప్పుడు నెమ్మదిగా నాకు వీపు తిప్పి, గుడ్డ కిందికి లాగి, నీళ్ళ గ్లాసు ఎత్తేవారు.

"అయిందా అత్తయ్యగారూ?"

"అయింది బాబూ."

ఖాళీ అట్ట చూపించేవారు. మాత్రలక్క ఇచ్చి వెళ్ళిన కార్డులో ఆ రోజు గడిలో నేను టిక్కు పెట్టేవాణ్ణి. పెద్దావిడ సిగ్గుపడుతున్నారు, మొహం మీద టార్చిలైటు వేసి చూస్తామా ఏంటి అనుకున్నాను. నా మర్యాదకు నేనే ముచ్చటపడ్డాను.

రెండు వారాలకు జ్వరం పోయింది. నెల తిరిగేసరికి దగ్గు తగ్గింది. ఇక భయం లేదు, పాపను దగ్గరికి రానివ్వొచ్చని డాక్టరు చెప్పిన రోజు, పాప అమ్మమ్మ ఒడి ఎక్కి దిగనంది. రెండు నెలలకు అత్తయ్యగారి బుగ్గలు నిండాయి. ఆవిడ మళ్ళీ బల్ల ముందు కూర్చున్నారు. నాకు ఊసుపోక సూదుల్లో దారం ఎక్కించి ఇచ్చేవాణ్ణి. కరెంటు తీగలకు ఎరుపు, పసుపు, నీలం తప్ప నాలుగో రంగు ఎరగని నాకు, ఆవిడ అరల్లో ఒక్క నీలానికే పద్నాలుగు కండెలున్నాయని తెలిసింది.

"మా పనిలో రంగు తప్పితే ప్రాణం పోతుంది అత్తయ్యగారూ" అన్నాను ఒకసారి.

"మా పనిలో పరువు పోతుంది" అన్నారు ఆవిడ, సూది మీద నుంచి కళ్ళెత్తకుండా. మా ఇద్దరి మధ్యా నేరుగా నడిచిన మొదటి హాస్యం అదే.

మూడో నెల చివర్లో నా కట్టు విప్పారు. చంకకర్రల సాయంతో నాలుగడుగులు వేస్తున్నాను. ఎండలు తగ్గి మబ్బులు పట్టే రోజులవి. అప్పుడు బ్యాండు మేళంలో బాకా ఊదే పెద్దాయన తన కోటు తెచ్చాడు. ముదురు ఎరుపు ఉన్ని కోటు, ఛాతీ మీద సరిగ్గా గుండె చోట పురుగు కొట్టేసింది. అత్తయ్యగారు రెండు రోజులు కూర్చున్నారు దాని మీద. మామూలుగా అయితే ఒక పూట పని. రెండో రోజు సాయంత్రం కోటు కిటికీ వెలుతురుకు పట్టి నాకు చూపించారు.

"చూడండి బాబూ. కనిపిస్తోందా?"

కనిపించింది. నేత ఎక్కడా తప్పలేదు, పోగు మీద పోగు అచ్చం మిల్లులో నేసినట్టే ఉంది. కానీ ఆ ఎరుపు మధ్యలో పావు అరచేయంత మేర ఎండుటాకు రంగు. పచ్చకూ గోధుమకూ మధ్య.

"లేదు అత్తయ్యగారూ" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ ముఖం అంత ఆశగా నా వైపు చూడటం అదే మొదటిసారి.

మర్నాడు బాకా పెద్దాయన వచ్చి కోటు విప్పి చూసుకున్నాడు. మంచివాడు, గొంతు పెంచలేదు. "అమ్మా, నా కోటు మీద గడ్డి మొలిచిందేంటి?" అన్నాడు.

అత్తయ్యగారు కోటు వెనక్కి తీసుకున్నారు. "మబ్బు పట్టి వెలుతురు సరిగా లేదు. నాలుగు రోజులాగి రండి" అన్నారు. ఆయన వెళ్ళాక చాలాసేపు కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"మీకు నిన్ననే తెలుసు" అన్నారు నా వైపు చూడకుండా.

నేను చంకకర్ర దగ్గరికి లాక్కున్నాను.

"చెప్పాల్సింది" అన్నారు. అంతే. లోపలికి వెళ్ళి పడుకున్నారు.

తప్పు దిద్దుకుందామనిపించింది నాకు. ఆవిడ లేచేలోపు ఆ కోటుకు సరిపోయే ఎరుపు వెతికి బల్ల మీద పెడదామని చంకకర్ర గోడకు ఆనించి అరల ముందు నిలబడ్డాను. ఎర్ర కండెలు పై అరలో ఉన్నాయి. ఒకటి తీసి కోటు పక్కన పట్టి చూశాను, కాదు. రెండోది తీశాను. తలకిందులు చేసేసరికి దాని బోలు గొట్టంలోంచి ఒక కాగితపు ఉండ జారి బల్ల మీద పడింది. విప్పితే మూడు మాత్రలు.

ఇంకో కండె తీశాను. మూడు. ఇంకోటి. మూడు.

తొమ్మిది కండెల్లో, ఒక్కోదానిలో మూడేసి. ఆవిడ ఏ పనైనా పద్ధతిగానే చేస్తారు.

కార్డు తీసి చూశాను. గడిచిన తొమ్మిది రోజులకూ టిక్కులున్నాయి. నా చేత్తో పెట్టినవే.

వెనక అలికిడైంది. అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. బల్ల మీద వరసగా ఉన్న ఇరవై ఏడు మాత్రల్నీ చూశారు. దబాయిస్తారేమో, ఏడుస్తారేమో అనుకున్నాను. వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు.

"దగ్గు పోయింది బాబూ. ఒళ్ళు వచ్చింది. ఊపిరి బాగానే ఉంది" అన్నారు. "పోతున్నవి కళ్ళు. మొదట ఎరుపు మాసినట్టు కనిపించింది. తర్వాత ఆకుపచ్చ. ఇప్పుడు ఆ అరలో సగం నాకు బూడిదే. మందులు మానితే తిరిగొస్తాయేమోనని చూస్తున్నాను."

"ఆ అమ్మాయి చెప్పమంది కదా అత్తయ్యగారూ. మొదటిరోజే చెప్పింది, రంగులు తేడాగా కనిపిస్తే ఫోన్ చేయమని."

"విన్నాను. చెప్తే ఏమంటారు? ఓర్చుకోమంటారు. ఆరు నెలలు మానకూడదని పదిసార్లు చెప్పినవాళ్ళు ఇప్పుడు మానెయ్యమంటారా?" చేతులు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు చూసుకున్నారు. "ఊపిరి ఉండి కళ్ళు లేకపోతే నేను మీ ఇంట్లో ఏం చేస్తూ కూర్చోవాలి, చెప్పండి."

'మీ ఇంట్లో' అన్న మాట నాకు గుచ్చుకుంది. ఏడేళ్ళుగా ఆవిడ అలాగే అనుకుంటున్నారన్నమాట. నాకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. నాలుగడుగుల దూరంలో కూర్చుని, ఆవిడ వీపు చూసి టిక్కు పెట్టినవాణ్ణి. ఎవరి మీద కోపం తెచ్చుకోను?

గోడ గడియారం చూశాను. రెండున్నర. ఆసుపత్రిలో డాక్టరమ్మ నాలుగింటి దాకా ఉంటుంది.

"చెప్పులు వేసుకోండి" అన్నాను.

"మీరా? ఆ కాలితోనా?"

"నాకు నడక రాదు, మీకు రంగులు తెలియవు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి అవుతాం. పదండి."

దారిలో వాన పట్టుకుంది. ఆవిడ గొడుగు నా మీద పట్టారు, నేను ఆవిడ మీదికి తోశాను, చివరికి ఇద్దరమూ తడిశాం. అలాగే బస్సెక్కాం. మాత్రల పొట్లం నా జేబులో ఉంది.

డాక్టరమ్మ మాత్రలు చూసింది, కార్డు చూసింది, నా వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపుతో నాకు పడాల్సిన చీవాట్లన్నీ పడ్డాయి. తర్వాత సొరుగులోంచి ఒక పుస్తకం తీసింది. నేను దాన్ని గుర్తుపట్టాను. పేజీ నిండా రంగురంగుల చుక్కలు, చుక్కల మధ్య అంకెలు. ఉద్యోగంలో చేరేటప్పుడు నాకూ ఆ పరీక్ష పెట్టారు.

"ఇక్కడ ఏ అంకె ఉందమ్మా?"

అత్తయ్యగారు పేజీ దగ్గరికి తెచ్చుకున్నారు, దూరం పెట్టారు. "చుక్కలమ్మా. బాగున్నాయి" అన్నారు.

ఎర్రగా, ఆ గది అవతలి గోడ నుంచి కూడా చదవగలిగేంత పెద్దగా, ఆరు అంకె ఉంది అక్కడ.

డాక్టరమ్మ పుస్తకం మూసింది. "మీరు వేసుకునే మాత్రలో కొన్ని మందులు కలిసి ఉన్నాయి. అందులో ఒకటి ఎక్కడో కొద్దిమందికి కంటి నరం మీద పడుతుంది. దాన్ని ఇవాళ్టి నుంచి ఆపేస్తున్నాను. మిగతావి విడివిడి మాత్రలుగా రాస్తాను. అవి మాత్రం మానకూడదు. కంటి డాక్టరు కూడా చూస్తారు."

అత్తయ్యగారు తలెత్తారు. "ఒక్కటే ఆపొచ్చా?"

"ఒక్కటే."

"మిగతావి వేసుకుంటూ?"

"వేసుకుంటూ. చెప్పి ఉంటే ఆ రోజే ఆపేవాళ్ళం."

ఆవిడ కొంగు చివర పట్టుకుని దాని అంచు కుట్టును వేలితో తడుముతూ ఉండిపోయారు.

"ఇంకో సంగతుంది" అంది డాక్టరమ్మ. ఈసారి గొంతు మారింది. "మందు మధ్యలో ఆగితే, లోపల చావకుండా మిగిలిన క్రిములు ఆ మందుకు లొంగకుండా తయారవుతాయి. అదే జరిగితే ఈ ఆరు నెలలతో పోదు. ఇంకా గట్టి మందులు, ఇంకా ఎక్కువ కాలం. మళ్ళీ కఫం ఇవ్వండి. ఫలితం వచ్చేదాకా మూతికి గుడ్డ కట్టుకుని విడిగా ఉండండి. ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"

నేనే చెప్పాను, ఉంది, నాలుగేళ్ళ పాప అని.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆవిడ కిటికీ వైపు మొహం పెట్టి, "ఈ తొమ్మిది రోజులూ అది నా ఒళ్ళోనే కూర్చుంది" అన్నారు.

మా ఆవిడ ఇంటికొచ్చి అంతా వింది. తల్లిని ఒక్క మాట అనలేదు. వంటింట్లో నా ఎదుట నిలబడి, "మీరు చూస్తున్నారనేగా నేను నిశ్చింతగా పనికి వెళ్ళింది" అంది. గట్టిగా కూడా అనలేదు. పెళ్ళయిన తర్వాత నేను పడ్డ మాటల్లో అంత లోతుగా దిగింది ఇంకొకటి లేదు.

మర్నాడు పొద్దున నేను గుమ్మం దగ్గర కూర్చున్నాను. అత్తయ్యగారు కిటికీ తెరిచారు. తన కుర్చీ ఎత్తి తెచ్చి నాకు ఎదురుగా, కాస్త దూరంలో వేసుకున్నారు. మూతి గుడ్డ కిందికి లాగారు. నేను అలవాటు కొద్దీ తల తిప్పుకోబోయాను.

"తిప్పుకోకండి" అన్నారు.

మాత్రలు నాలుక మీద పెట్టుకున్నారు. నీళ్ళు తాగారు. గొంతు కదిలింది. తర్వాత నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపించారు. ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి, చూపు మాత్రం తిప్పలేదు. నేనూ తిప్పలేదు. అప్పుడు కార్డు మీద టిక్కు పెట్టాను.

ఆ వారం ఇల్లు ఇల్లులా లేదు. పాప గుమ్మం ఇవతల నిలబడి, "అమ్మమ్మా, నేను చేసిన తప్పేంటో చెప్పు, ఇంకెప్పుడూ చేయను" అని అడిగేది. అత్తయ్యగారు గోడవైపు తిరిగేవారు. అమ్మమ్మకు ఒంట్లో బాగోలేదని చెబితే, "నా మాత్రలు ఇస్తాను, తగ్గిపోతుంది" అని తన సీసా తెచ్చి గుమ్మం మీద పెట్టింది. అది చూసి మా ఆవిడ పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఎనిమిదో రోజు మాత్రలక్క ఫోన్ చేయకుండా తనే వచ్చింది. గేటు తీసిన చప్పుడుకు ముగ్గురం లేచి నిలబడ్డాం, నేను చంకకర్ర కూడా తీసుకోకుండా.

"క్రిములు లేవమ్మా. మందు బాగానే పనిచేస్తోంది. మానేసిన తొమ్మిది రోజులూ చివర్లో కలుపుకుందాం."

అత్తయ్యగారు పాప వైపు తిరిగి కింద కూర్చున్నారు. పాపకు అదేమీ అర్థం కాలేదు గానీ, అమ్మమ్మ చేతులు చాచడం మాత్రం అర్థమైంది.

ఎరుపు కోటు మిగిలిపోయింది కదా. బాకా పెద్దాయన ఇంకో వారం ఆగాడు. ఆ తప్పు రంగు పోగులన్నీ విప్పాం. అత్తయ్యగారు కండెలు ఒక్కొక్కటీ కోటు పక్కన పెడుతూ "ఇది?" అనేవారు. నేను "కొంచెం నల్లగా ఉంది" అనో, "దీనికన్నా ఆరెంజి తక్కువ కావాలి" అనో అనేవాణ్ణి. పదకొండో కండెకు కుదిరింది. రంగు నాది, నేత ఆవిడది. పెద్దాయన వేలితో తడిమి, కోటు తిరగేసి, మళ్ళీ వేలితో తడిమి, "ఎక్కడ ఉండేదమ్మా చిరుగు?" అన్నాడు. ఆ రోజు మా ఆవిడ చాలా రోజుల తర్వాత నవ్వింది. "ఇద్దరూ కలిసి దుకాణం పెట్టేశారు, ఇక నాతో పనేముంది?" అంది.

వానలన్నీ అలాగే గడిచాయి. నేను మళ్ళీ ఉద్యోగంలో చేరాను. ఏడాది దాకా స్తంభం ఎక్కవద్దన్నారని సామాన్ల గదిలో వేశారు. పనికి వెళ్ళేముందు మాత్రలు, వచ్చాక రంగులు. మధ్యలో ఒకసారి రెండు రోజులు ఆవిడకు అన్నం సయించకపోతే, నాకు చెప్పకముందే మాత్రలక్కకు ఫోన్ చేసి చెప్పేశారు. పరీక్ష చేశారు, ఏమీ లేదన్నారు. ఆ సంగతి సాయంత్రం నాకు చెబుతున్నప్పుడు ఆవిడ గొంతులో కాస్త గర్వం వినిపించింది.

కళ్ళు ఒక్కరోజులో రాలేదు. ముందు పసుపు తేటపడింది. తర్వాత ఎప్పుడో పాప రిబ్బను చూసి, "ఇది ఆకుపచ్చే కదూ?" అన్నారు అనుమానంగా. కొన్ని అసలు రాలేదు. ముదురు పచ్చకూ నల్లకూ తేడా ఇప్పటికీ ఎవరినైనా అడగాల్సిందే. ఆరు నెలల మీద తొమ్మిది రోజులకు చివరి మాత్రలు మింగారు. చివరి పరీక్షలో కూడా జబ్బు లేదని తేలింది.

ఆ తర్వాత చలికాలంలో ఒక ఆదివారం. ఎవరిదో పాత శాలువా, ఎరుపే. మధ్యలో నిప్పురవ్వ పడి కాలిన చిల్లు. నేను అలవాటుగా కండె ఎంచి ఇచ్చాను. ఆవిడ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళారు. శాలువా మీద పెట్టి చూశారు. తల అడ్డంగా ఊపారు.

"ఇది కాదు. పడుగు ఒక ఎరుపు, పేక ఇంకో ఎరుపు. రెండు దారాలు కావాలి."

నేను వెళ్ళి చూశాను. ఎండలోకి తిప్పి చూశాను. నాకు అంతా ఒకటే ఎరుపు.

"ఒకటేగా అత్తయ్యగారూ?"

ఆవిడ అరలోంచి రెండు కండెలు తీసి నా అరచేతిలో పక్కపక్కనే పెట్టారు. ఎంత చూసినా నాకు తేడా తెలియలేదు.

"మీరొకసారి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి ఆ చుక్కల పుస్తకం చూసి రండి" అని, సూది అందుకున్నారు.